కాచుకున్న పూటకు కూలేదీ?

చిలమకూరులో సిమెంటు లోడెత్తే లారీ డ్రైవరుకు ట్రిప్పు లెక్కనే డబ్బులు. లోడు కోసం వరుసలో, దింపుడు కోసం గోదాము ముందర, క్యాబిన్‌లో కునికిన రాత్రులు ఏ లెక్కలోకీ రావు. ‘బండి కదల్లేదు కదా, బత్తా ఎందుకు?’ అనే ఓనర్లున్నారు. బండి కదలకపోయినా మనిషి ఇంటికాడ లేడే! 2025లో రద్దయిన 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలని హద్దు గీసింది గానీ, టెర్మినల్లో ఊరికే కాచుకున్న సమయం 15 నిమిషాల లోపైతేనే పనివేళ అంది. చిల్లు అక్కడే ఉండింది. పరరాష్ట్రం పోయే వలస కూలీకి మాత్రం, అప్పుడే రద్దయిన 1979 చట్టం రానూపోనూ ఛార్జీలతోపాటు ప్రయాణపు రోజులకూ, డ్యూటీలో ఉన్నట్టే, కూలి రాసిపెట్టింది. ఆ న్యాయం స్టీరింగు పట్టినోడికి చేదా? పెండ్లాం బిడ్డలకు దూరమైన రాత్రికి వెల కట్టలేం, కూలైనా కట్టాలి.