గేర్ కోసే ముందు ఒక ప్రశ్న

పాత లేత్‌లో ఒక్క గేర్ పన్ను విరిగితే చాలు, యంత్రం మొత్తం తుక్కు కింద జమ. తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడి ఉంటుంది. ఒక్క గేర్ చేసిమ్మంటే పెద్ద వర్క్‌షాపులకు గిట్టుబాటు కాదు. ఆ లోటును ఇప్పుడు ఇంట్లో ఓ మూలన పట్టే చిన్న సీఎన్‌సీ మిల్లింగ్ యంత్రం తీరుస్తోంది. కంప్యూటర్ చెప్పినట్టు కదిలే కటర్, డిగ్రీల లెక్కన చక్రాన్ని తిప్పే రోటరీ టేబుల్ ఉంటే సాయంత్రానికి గేర్ చేతికొస్తుంది. అయితే అది పాత గేర్‌తో జతకడుతుందా అన్నదే అసలు ప్రశ్న.

పుదుచ్చేరిలో ఈ ప్రశ్నకు మరో మెలిక ఉంది. యానాం 1954 జూన్‌లోనే విముక్తమైనా, పుదుచ్చేరి ఆ ఏడాది నవంబర్ 1 దాకా ఫ్రెంచివారి చేతిలోనే ఉంది. మీటరు వారి సృష్టి. పొలిమేర దాటితే అంగుళానిదే రాజ్యం. మెట్రిక్ కొలతలకు భారత్ చట్టం చేసింది 1956లో. కాబట్టి ఇక్కడి పాత యంత్రం ఏ కొలతలో పుట్టిందో గేర్‌నే అడగాలి.

అడిగే పద్ధతి సులువు. నేరు పళ్ల గేర్ అయితే, పళ్లు లెక్కపెట్టి రెండు కలపాలి. బయటి వ్యాసాన్ని మిల్లీమీటర్లలో కొలిచి ఆ సంఖ్యతో భాగించాలి. వచ్చేదే మాడ్యూల్, అంటే పన్ను సైజు. 48 పళ్ల గేర్ వ్యాసం 125 మి.మీ. ఉంటే మాడ్యూల్ 2.5, మెట్రిక్ గేర్. వ్యాసం 127 అయితే 2.54 వస్తుంది. కొలతలో తేడా అనుకుని దాన్ని 2.5కు సర్దేస్తే ముప్పే. అంగుళం 25.4 మి.మీ., అందులో పదో వంతు 2.54. అది అచ్చమైన ఇంగ్లీషు గేర్. దానికి 2.5 కటర్‌తో కోసిన జోడీ పెడితే ముందు మోత, ఆపై అరుగుదల. చివరికి మంచి గేర్ కూడా పాడవుతుంది.

ఈ 127కు మరో ప్రాముఖ్యం ఉంది. ఐదు అంగుళాలు సరిగ్గా 127 మి.మీ. అందుకే అంగుళాల లేత్‌పై మెట్రిక్ మరలు కోయడానికి 127 పళ్ల గేర్ వాడతారు. అది ప్రధాన సంఖ్య కావడంతో పాత డివైడింగ్ హెడ్‌పై మామూలు రంధ్రాల పలకలతో నేరుగా రాదు. సీఎన్‌సీకి ఆ బాధ లేదు. కాకపోతే 360ని 127తో భాగిస్తే 2.834645... ఇలా సాగుతుంది. దాన్ని 2.83గా కుదించి ఒక్కో పన్నుకూ కలుపుతూ పోతే ఆ లోటంతా చివరి పన్ను మీద పడుతుంది. మాడ్యూల్ 1 గేర్‌లో పన్ను మందం 1.57 మి.మీ. ఉండాలి. ఆ చివరి పన్ను 0.65 మి.మీ. లావెక్కుతుంది. విరుగుడు ఒక్కటే. ప్రతి పన్ను స్థానాన్నీ సున్నా నుంచే లెక్కగట్టాలి. టేబుల్‌ను ఎప్పుడూ ఒకే వైపు తిప్పాలి.

ఆంగ్లో ఫ్రెంచ్ అన్న పేరునే మోసిన ఇక్కడి బట్టల మిల్లు 1898లో మొదలై 2020లో మూతపడింది. అంత పెద్ద పరిశ్రమను గేర్లు బతికించలేవు. కానీ ఒకే పాత లేత్‌తో సంసారం ఈదే టర్నర్‌కు విరిగిన పన్ను అంటే ఆగిపోయిన కూలి. పాత గేర్‌ను వెర్నియర్‌తో కొలవడానికి పట్టేది ఐదు నిమిషాలు. ఆ ప్రశ్న అడగకుండా బటన్ నొక్కితే, సీఎన్‌సీ తప్పు గేర్‌ను కూడా ఎంతో కచ్చితంగా కోసి చేతిలో పెడుతుంది.