రోగిని చూసేవారిని ఎవరు చూస్తారు?

ప్రతి సంవత్సరం అక్టోబరు 10న ప్రపంచ మానసిక ఆరోగ్య దినం జరుపుకుంటున్నాము. 2024లో దానికి ఎంచుకున్న అంశం పనిచేసేచోట మానసిక ఆరోగ్యం. ఆస్పత్రుల్లో ఆ రోజు రోగులకు కరపత్రాలు పంచుతారు, నర్సింగు విద్యార్థినులు చిన్న నాటిక వేస్తారు. మంచిదే. కాని ఆ అంశం రోగుల గురించి కాదు. స్టాఫ్ నర్సులు, ఆయాలు, లాబ్ టెక్నీషియన్లు, స్వీపర్లు, గేటు దగ్గరి వాచ్‌మన్, వీరి గురించి.

డిప్రెషన్, ఆందోళనల వలన ప్రపంచంలో ఏటా 1200 కోట్ల పనిదినాలు పోతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2022లో చెప్పాయి. ‘బర్న్ అవుట్’ అనే స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో జబ్బుగా కాక ఉద్యోగానికి సంబంధించిన స్థితిగా పేర్కొంది. విడవని అలసట, పని మీద విరక్తి, ఏం చేసినా సరిగా చేయలేకపోతున్నామనే భావన దాని లక్షణాలు. ఉద్యోగం తెచ్చిపెట్టిన దానికి మందు కూడా ఉద్యోగంలోనే వెతకాలని మా అభిప్రాయం.

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అయితే రెండవది, 17.75 అయితే మూడవది అని మన గోదావరి వాసులకు చెప్పనక్కరలేదు. 2022 జూలైలో మూడవది కూడా దాటింది. మొదటి హెచ్చరిక వినగానే లంకల వాళ్ళు సామాను సర్దుకుని, పశువులను గట్టు మీదికి తోలుకుంటారు. మనిషి విషయంలో మాత్రం మనం మూడవదాకా ఆగుతాము. ఎన్నడూ ఆలస్యం కాని సిస్టర్ వారంలో మూడుసార్లు ఆలస్యంగా వస్తుంది. అందరితో కలిసి భోంచేయకుండా డ్యూటీ రూములో ఒక్కతే కూర్చుంటుంది. ఆయా మీద ఊరికే కసురుకుంటుంది. ఇచ్చిన మందు ఇచ్చానా లేదా అని ఛార్టు నాలుగుసార్లు చూసుకుంటుంది. వీటికి చాలా చోట్ల దొరికే సమాధానం మెమో. మెమో రాసే ముందు “అమ్మా, రాత్రి నిద్ర పడుతోందా?” అని అడిగి చూడండి. భర్త కువైట్‌లో, అత్తగారు మంచంలో, పిల్లవాడు పదో తరగతిలో, తాను నైట్ డ్యూటీలో. ఇలాంటి ఇళ్ళు కోనసీమలో ఎన్ని లేవు?

మిషను ఆస్పత్రుల్లో మరొక ఇబ్బంది ఉంది. ‘సేవ’ అనే మాట చెప్పి ఎంత పనైనా మోపవచ్చు. మోయలేకపోతున్నానని ఎవరైనా అంటే “ప్రార్థన చేసుకో అమ్మా” అని పంపించవచ్చు. ప్రార్థన మీద నమ్మకం లేక ఈ మాట అనడం లేదు. మా వార్డుల్లో పని మొదలయ్యేదే ప్రార్థనతో. కాని బదరీ వృక్షం కింద చావు కోరుకున్న ఏలీయాకు దేవదూత ముందు పెట్టినది రొట్టె, నీళ్ళు. అతడు తిని మళ్ళీ పడుకుంటే గద్దించలేదు కూడా. పొద్దస్తమానం తీర్పులు తీరుస్తూ కూర్చున్న మోషేకు మామ యిత్రో ఇచ్చిన సలహా పని పంచమని. (బైబిలులో మొదటి డ్యూటీ రోస్టరు అదేనని మేము నర్సింగు విద్యార్థినులకు చెబుతుంటాము.) షుగరుకు మాత్ర వేసుకునేవారిని విశ్వాసం తక్కువైందని ఎవరూ అనరు. డిప్రెషన్‌కు మాత్ర వేసుకునేవారిని ఎందుకు అనాలి?

సెలవుల లోటు పూడ్చడానికి 30 శాతం అదనపు సిబ్బందిని లెక్కలోకి తీసుకోవాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణాలు చెబుతున్నాయి. అది లేనిచోట ఒకరికి జ్వరం వస్తే మరొకరికి డబుల్ డ్యూటీ పడుతుంది. డబ్బు లేదంటారు, మిషను ఆస్పత్రుల రాబడి ఏపాటిదో మాకు తెలియనిది కాదు. అయినా రోస్టరు ముందుగా వేయడానికి, నైట్ల తరువాత ఇచ్చిన ఆఫ్‌ను రద్దు చేయకుండా ఉండడానికి డబ్బెందుకు? చనిపోయిన పసిబిడ్డను తల్లి చేతుల్లో పెట్టి వచ్చిన నర్సును పది నిమిషాలు కూర్చోబెట్టి టీ ఇవ్వడానికి ఎంత ఖర్చవుతుంది? వైద్య సిబ్బందిపై దాడి నేరమని మన రాష్ట్రంలో 2008లోనే చట్టం వచ్చింది. ఆ సంగతి బోర్డు మీద రాయిస్తే చాలదు. దాడి జరిగిన రాత్రి ఆ సిస్టర్ వెంట యాజమాన్యం తరఫున ఒకరు పోలీసు స్టేషనుకు వెళ్ళాలి.

అన్నిటికంటె ముఖ్యం గుట్టు. మన ఊళ్ళలో సైకియాట్రిస్టు దగ్గర ఒకరు కనిపిస్తే సాయంత్రానికి పేటంతా తెలుస్తుంది. పెళ్ళి సంబంధాలు చూస్తున్న పిల్ల అయితే ఇక చెప్పనే అక్కరలేదు. చికిత్స వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చింది. అడగకుండా ఆమె పేరును సంఘంలో ప్రార్థనాంశంగా చదవడం కూడా బయటపెట్టడమే. కాన్ఫిడెన్షియల్ రిపోర్టు రాసేవారే కౌన్సెలింగు చేయకూడదు. అంటే నర్సింగు సూపరింటెండెంటుకు ఆ పని అప్పగించవద్దని మేమే కోరుతున్నాము. బయటివారు, వీలైతే వేరే ఊరివారు ఉండాలి.

అంతవరకు ఫోను ఉంది. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ నెంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు, ఖర్చు లేదు. “బతకాలని లేదు” అని ఎవరైనా అంటే ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా, పక్కన కూర్చుని ఆ నెంబరు కలపండి, డ్యూటీ డాక్టరును పిలవండి. ప్రతి డ్యూటీ రూములో మందుల బీరువా తలుపు లోపలివైపు ఈ నెంబరు అంటించాలి. ఆయాలు, స్వీపర్లు కూర్చునే గదిలో కూడా. చదవడం రానివారికి వారి ఫోనులోనే ఎక్కించి, ఎలా నొక్కాలో ఒకసారి చూపించాలి.