పరీక్ష పిల్లలకు, శ్రేణి బడికి

భిలాయి ఉక్కు నగరంలోని సెక్టర్ 6లో ఇటీవల రైల్వే, తపాలా ఉద్యోగులతో మేము జరిపిన సమావేశం పిల్లల విద్యా భత్యాన్ని గురించి చర్చించడానికి ఏర్పాటైనది. 2024 జనవరి నుండి ఒక్కొక్క బిడ్డకు నెలకు రూ. 2,812.50 చొప్పున, ఇద్దరు పిల్లల వరకు లభిస్తున్న ఈ భత్యానికి క్లెయిములు ఎప్పుడు పెట్టాలి, ఏ ధ్రువపత్రం జతపరచాలి అన్న విషయం అరగంటలో తేలిపోయింది. లేవబోతూ ఉండగా తపాలా శాఖలో పనిచేసే ఒక సోదరి అడిగిన ప్రశ్న మాత్రం రాత్రి తొమ్మిది దాటేవరకు మమ్మల్ని కూర్చోబెట్టినది.

"అన్నగారూ, మా చిన్నది చదివే సర్కారీ బడికి తనిఖీలో 'సి' వచ్చిందట. ఇరుగుపొరుగు వారు ఒక్కొక్కరే పిల్లలను మాన్పించేస్తున్నారు. మమ్మల్ని ఏమి చేయమంటారు?"

ఈ సోదరి తండ్రి కర్మాగార నిర్మాణపు రోజులలో శ్రీకాకుళం జిల్లా నుండి వచ్చి ఇక్కడ స్థిరపడినవాడు. భిలాయిలో ఇటువంటి తెలుగు కుటుంబాలు వేలు. ఆమె కుమార్తె నాలుగవ తరగతి చదువుచున్నది. ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, పుస్తకంలో హిందీ. ఆ 'సి' అన్న అక్షరంలో ఈ మూడు భాషల ప్రస్తావన ఎక్కడైనా ఉన్నదా అని మేము అడిగితే, "అదేమో తెలియదండీ, బడి బాగోలేదనే అందరూ అంటున్నారు" అని ఆమె జవాబు.

ఆ అక్షరం ఎక్కడి నుండి వచ్చినదో ముందుగా చూద్దాము. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో 2015లో డాక్టర్ ఏ.పి.జె. అబ్దుల్ కలామ్ పేరిట విద్యా నాణ్యతా ఉద్యమం ప్రారంభమైనది. అధికారులు, ప్రజాప్రతినిధులు బడులకు వెళ్ళి, పిల్లలచేత చదివించి, లెక్కలు చేయించి, బడులను ఎ, బి, సి, డి శ్రేణులుగా విభజించారు. 2019లో ఒకటి నుండి ఎనిమిదవ తరగతి వరకు రాష్ట్రమంతటా ఒకే ప్రామాణిక పరీక్ష పెట్టారు. 2025లో ముఖ్యమంత్రి విద్యా నాణ్యతా ఉద్యమం పేరుతో సామాజిక తనిఖీ, శ్రేణుల నిర్ణయం మరల వచ్చినవి. ప్రభుత్వాలు మారినవి, ఉద్యమాల పేర్లు మారినవి, అక్షరాలు మాత్రం నిలిచినవి.

ఢిల్లీ స్థాయిలో తూనిక ఇంకా పెద్దది. 2017 నవంబరు 13న, 2021 నవంబరు 12న జాతీయ సాధనా సర్వేలు జరిగినవి. రెండవదానిలో 720 జిల్లాలకు చెందిన సుమారు 34 లక్షల మంది విద్యార్థులు పరీక్ష వ్రాశారు. 2024 డిసెంబరు 4న అదే సర్వే 'పరఖ్' అన్న కొత్త పేరుతో 781 జిల్లాలలో, 74,229 పాఠశాలలలో, 21 లక్షలకు పైగా పిల్లలకు జరిగినది. ఈ ఫలితాలను ఆధారంగా తీసికొని విద్యా మంత్రిత్వశాఖ రాష్ట్రాలకు వేయి పాయింట్ల సూచిక, జిల్లాలకు 600 పాయింట్ల సూచిక తయారుచేస్తున్నది. జిల్లా సూచికలో 290 పాయింట్లు అభ్యసన ఫలితాలవే.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి గమనించవలెను. ఈ జాతీయ సర్వే నమూనా సర్వే. జిల్లాలో కొన్ని బడులను, ఆ బడులలో కొందరు పిల్లలను ఎన్నుకొని, జిల్లా స్థితి ఎట్లున్నదో అంచనా కట్టడానికి దానిని రూపొందించారు. ఫలానా బడి మంచిది, ఫలానా బడి చెడ్డది అని చెప్పే శక్తి దానికి లేదు, ఆ ఉద్దేశమూ లేదు. అయినా జిల్లాకు తక్కువ మార్కులు వచ్చినప్పుడు కలెక్టరు విద్యాధికారిని అడుగుతాడు, విద్యాధికారి బ్లాకు అధికారిని అడుగుతాడు, ఆయన ప్రధానోపాధ్యాయుని అడుగుతాడు. కొలత పైకి ఎక్కుతున్నది, నింద కిందికి దిగుతున్నది. ఈ మెట్లు రైల్వేలో, తపాలాలో పనిచేసే మన సభ్యులకు క్రొత్తగా వర్ణించి చెప్పనక్కరలేదు.

అంకెలు ఎట్లా తయారవుతవో కూడా మనకు తెలుసు. తపాలా శాఖలో బట్వాడా వేగం తెలిసికొనడానికి అధికారులు పరీక్షా కార్డులు వేయడం పాత అలవాటు. సార్టింగు బల్ల దగ్గర చేయి తిరిగినవాడు ఆ కార్డును పోల్చుకొనగలడు. ఆ కార్డు వేళకు చేరుతుంది, దానితో పాటు సంచిలో వచ్చిన ముసలమ్మ ఉత్తరం మరునాటికి ఆగుతుంది. రైళ్ళ వేళాపట్టికలో చివరి స్టేషనుకు ముందు అదనపు నిమిషాలు చేర్చి ఉంచడం వలన త్రోవంతా ఆలస్యంగా నడచిన బండి గమ్యానికి సకాలంలో చేరినట్లు లెక్కలో పడుతుంది. దీనిని ఎవరూ అబద్ధమనరు. బడిలోనూ ఇదే జరుగుతున్నది. పరీక్షకు ముందు మాసమంతా నమూనా ప్రశ్నలు, జవాబు పత్రంలో గళ్ళు నింపడమెట్లా అన్న శిక్షణ. పాటలు, ఆటలు, చుట్టుపట్ల చెట్టూచేమా గురించిన పాఠం ప్రక్కకు. ఆ బిడ్డ ముసలమ్మ ఉత్తరమే.

అయితే మేము ఆమెకు చెప్పదలచినది కేవలం ఇది కాదు. అంకెలు నిజాయితీగా వచ్చినవే అనుకొందాము. అప్పుడు కూడా అవి బడిని గురించి చెబుతున్నవా, లేక ఆ బడికి వచ్చే కుటుంబాలను గురించి చెబుతున్నవా? అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో శాన్ రియర్డన్ అను ఆచార్యుడు ఆ దేశపు బడుల కోట్ల కొలది పరీక్షా ఫలితాలను ఒకచోట చేర్చి పరిశీలించాడు. సగటు మార్కులు తల్లిదండ్రుల ఆదాయంతో, చదువుతో గాఢంగా ముడిపడి ఉన్నవని తేలినది. పిల్లలు ఏటికేడాది ఎంత ముందుకు పోయారు అని చూచినప్పుడు ఆ ముడి చాలా సడలిపోయినది. షికాగో నగరపు ప్రభుత్వ బడులు సగటు మార్కులలో వెనుకబడినవే. కాని అక్కడి పిల్లలు మూడవ తరగతి నుండి ఎనిమిదవ తరగతి వరకు ఐదేళ్ళలో ఆరేళ్ళ చదువు నేర్చారని ఆయన 2017లో చూపించాడు. ఒకే బడికి ఒక లెక్కన 'డి', మరొక లెక్కన 'ఎ' అన్నమాట. అమెరికాలో ఉన్న మన తెలుగు బిడ్డలు ఇల్లు కొనేముందు ఆ పేట బడికి ఎన్ని మార్కులున్నవో చూస్తారని విన్నాము. వారు కొంటున్నది చాలావరకు ఇరుగుపొరుగు వారి ఆదాయమే.

ఈ దృష్టితో భిలాయిని చూడండి. ఒకనాడు సెక్టరు సెక్టరుకూ కర్మాగారపు బడి ఉండేది. జనరల్ మేనేజరు కొడుకు, ఖలాసీ కొడుకు ఒకే కప్పు క్రింద చదివిన రోజులను ఇక్కడి పెద్దలు ఇప్పటికీ తలచుకొంటారు. పర్మినెంటు కార్మికుల సంఖ్య తగ్గినది, ఆ బడులలో చాలా మూతబడినవి. శక్తి ఉన్నవారు ప్రైవేటుకు వెళ్ళారు. 2020లో మొదలైన స్వామి ఆత్మానంద్ ఇంగ్లీషు మీడియం ప్రభుత్వ బడులలో లాటరీ తగిలినవారు, అంటే దరఖాస్తు పెట్టే తెలివిడి, తీరిక ఉన్న తల్లిదండ్రుల పిల్లలు, అటు వెళ్ళారు. మిగిలిన సాధారణ సర్కారీ బడిలో ఎవరున్నారు? కాంట్రాక్టు కూలీల పిల్లలు, ఇండ్లలో పాచిపని చేసే తల్లుల పిల్లలు, సంవత్సరంలో కొన్ని మాసాలు వలసపోయి తిరిగివచ్చే కుటుంబాల పిల్లలు, ఈ సోదరి వంటి ఒకరిద్దరు. ఈ వడపోత అంతా అయిన తరువాత అడుగున మిగిలినదానికి 'సి' అని పేరు పెట్టి, దానిని ఉపాధ్యాయుని పనితనంగా ప్రకటిస్తున్నారు.

ఈ ఊరి కర్మాగారంలో తయారైన పట్టాల మీదనే మన బండ్లు నడుస్తున్నవి. పట్టా మీద అది ఏ కరుగులో పోసిన ఉక్కో తెలిపే హీట్ నంబరు ముద్రించి ఉంటుంది. ఎక్కడో పట్టా విరిగితే ఆ నంబరు పట్టుకొని వెనుకకు వెళ్ళి, ఏ ఖనిజం, ఏ రోజు, ఏ రోలింగు అని విచారిస్తారు. బడికిచ్చిన అక్షరానికి అటువంటి నంబరు లేదు. ఆ బడిలో ఎన్ని ఉపాధ్యాయ పోస్టులు ఖాళీ, ఎందరు పిల్లల ఇంటి భాష వేరు, ఎందరు మధ్యలో వచ్చి చేరారు అన్నది దానితో పాటు ఎవరూ ప్రకటించరు.

ఇది నేటి వింత కాదు. 1862లో ఇంగ్లండులో రాబర్ట్ లో అను మంత్రి, పిల్లలు చదవడం, వ్రాయడం, లెక్కలలో ఉత్తీర్ణులైతేనే బడికి గ్రాంటు అన్న నిబంధన తెచ్చాడు. బడుల తనిఖీదారుగా పనిచేసిన కవి మాథ్యూ ఆర్నాల్డ్ దానిని అప్పుడే తీవ్రంగా విమర్శించాడు. పిల్లలు పుస్తకాన్ని కంఠస్థం చేసి, తనిఖీదారు ముందు తలక్రిందులుగా పట్టుకొని కూడా అప్పగించేవారని చెప్పుకొనేవారు. ఆ పద్ధతినే మన మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చారు. మన తాతల నాటి వీధి బడి అయ్యవారు 'ఫలితాల గ్రాంటు' మీద బ్రతికాడు. 1882 నాటి హంటర్ కమిషన్ ప్రాథమిక బడులకు దానినే సిఫారసు చేసినది. పందొమ్మిదవ శతాబ్ది ముగిసేనాటికి ఇంగ్లండు దానిని వదిలివేసినది. 1904 నాటి కర్జన్ విద్యా తీర్మానం నాటికి ఇక్కడా అది త్రోసివేయబడినది.

నూరేండ్ల తరువాత అమెరికా అదే బావిలో దూకినది. 2002లో వచ్చిన చట్టం, 2014 నాటికి ప్రతి బిడ్డ చదువులోను, లెక్కలలోను నిర్ణీత స్థాయికి చేరవలెననీ, చేరని బడులు శిక్షార్హములనీ శాసించినది. జార్జియా రాష్ట్రంలోని అట్లాంటా నగరంలో 44 బడులలో 178 మంది ఉపాధ్యాయులు, ప్రధానోపాధ్యాయులు జవాబు పత్రాలు దిద్దడం వంటి అక్రమాలలో పాల్గొన్నారని 2011లో ప్రభుత్వ విచారణ తేల్చినది. 2015లో పదకొండుమందికి శిక్ష పడినది, ఆ సంవత్సరమే ఆ చట్టం స్థానంలో వేరొకటి వచ్చినది. ఆ ఉపాధ్యాయులను మేము సమర్థించము. పేదవారి పిల్లలకు చదువు రాలేదన్న సత్యాన్నే వారు రబ్బరుతో చెరిపివేశారు.

పరీక్షలే వద్దని మేము అనుటలేదు. అట్లా అనే నాయకులు మన సోదర సంఘాలలో కొందరున్నారు. వారితో మాకు ఏకీభావం లేదు. 2024 'అసర్' సర్వే ప్రకారం గ్రామీణ ప్రభుత్వ బడులలో ఐదవ తరగతి పిల్లలలో నూటికి 44.8 మంది మాత్రమే రెండవ తరగతి పుస్తకం చదువగలిగారు. ఎవరూ కొలవకపోతే ఈ సంగతి మనకు తెలిసేదే కాదు. బడికి రాని ఉపాధ్యాయుడూ ఉన్నాడు, వచ్చి కూర్చొని వెళ్ళేవాడూ ఉన్నాడు. వారిని వెనకేసుకురావడం సంఘం పని కాదు. జ్వరం చూడవద్దని ఎవరంటారు? చూచిన తరువాత మందు పంపుతున్నారా, మంచమే ఎత్తివేస్తున్నారా అన్నదే మా తగవు.

మంచం ఎత్తివేయడమంటే ఏమిటో ఛత్తీస్‌గఢ్‌లో 2025లో చూచాము. హేతుబద్ధీకరణ పేరుతో 10,463 బడులను ఇతర బడులలో కలిపివేశారు. వీటిలో 10,297 ఒకే ఆవరణలో ఉన్నవేననీ, నిజముగా దూరపు బడిలో కలిసినవి 166 మాత్రమేననీ ప్రభుత్వం వివరణ ఇచ్చినది. ఆ నిర్ణయానికి ఆధారం పిల్లల సంఖ్యయే కాని పరీక్షా ఫలితాలు కావు. ఈ రెంటినీ కలిపి గందరగోళం చేయడం న్యాయం కాదు. కాని పిల్లల సంఖ్య ఎందుకు తగ్గుతుంది? 'సి' అన్న మాట వీధిలోకి వచ్చిన వారంలోనే ఇరుగుపొరుగు వారు పిల్లలను మాన్పిస్తున్నారని ఆ సోదరి చెప్పలేదా? ఈ ఏడు శ్రేణి, మరుసటి ఏడు ఖాళీ బెంచీలు, ఆపై విలీనపు ఉత్తర్వు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నాటి 117వ నంబరు ఉత్తర్వు మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలను ఉన్నత పాఠశాలలకు తరలించినప్పుడు ఊళ్ళలో ఎంత గగ్గోలు పుట్టినదో అక్కడి మన సభ్యులకు జ్ఞాపకమే. 2025లో అది రద్దయినది.

ఉపాధ్యాయుని సంగతి ఒక్క మాట. ఈ రాష్ట్రంలో 1990 దశకం నుండి రెండు దశాబ్దాలకు పైగా బడులను నడిపినవారు శిక్షాకర్ములు. అదే తరగతి, అదే పాఠం, జీతం మాత్రం వేరు. 2018 జూలైలో గాని వారిని విద్యాశాఖలో విలీనం చేయడం ఆరంభం కాలేదు. గ్రామీణ డాక్ సేవకుల పోరాటం ఎరిగిన మన తపాలా సోదరులకు ఈ కథ తెలిసినదే. ఉపాధ్యాయుని చౌకగా కొన్నవారు ఫలితం ఖరీదైనది రాలేదని బడిని నిందించడం మాకు సహించరాని విషయం.

ఆ రాత్రి ఆ సోదరికి మేము మూడు సంగతులు చెప్పాము. మొదటిది, బడి అక్షరం కాక బిడ్డ నోటుబుక్కు చూడమన్నాము. నిరుడు జూలైలో ఏమి చదువగలిగేది, ఇప్పుడేమి చదువగలుగుతున్నది? ఆమె ఆలోచించి, "నిరుడు హిందీ కూడబలుక్కునేది, ఇప్పుడు పేపరు చదువుతున్నది" అన్నది. రెండవది, 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండవలెను, సగం మంది స్త్రీలు ఉండవలెను. ఆ కమిటీలో మీరున్నారా అని అడిగాము. లేదన్నది. ఆ గదిలో ఇరవైకి మించి మంది ఉన్నారు. ఎవరూ ఏ కమిటీలోనూ లేరు.

మూడవది చెప్పడానికి మాకే సిగ్గయినది. ఆ గదిలో ప్రభుత్వ బడికి బిడ్డను పంపుతున్నది ఆమె ఒక్కతే. తక్కినవారంతా, విద్యా భత్యం క్లెయిముల కోసం వచ్చినవారంతా, ప్రైవేటు బడుల రసీదులు పట్టుకొని వచ్చారు. ఆ భత్యం సాధించినది మన పోరాటమే, దానిని వదులుకోమని మేము అనము. కాని బడిలో నిలదీసి అడుగగలిగిన తల్లిదండ్రులను ముందుగా బయటికి తీసికొనివెళ్ళినది మనమే. రెండు తరాల క్రితం ఈ సెక్టరులలో కర్మాగారపు బడి ఎందుకు బాగుండేదో దీనినిబట్టి కొంత తెలుస్తున్నది.

భిలాయి సభ్యులు ఒక నిర్ణయం చేశారు. చుట్టుపట్ల సర్కారీ బడులలో మంజూరైన పోస్టులు ఎన్ని, పనిచేస్తున్నవారు ఎందరు, పిల్లల ఇంటి భాషలు ఏవి అన్న వివరాలు సమాచార హక్కు చట్టం క్రింద కోరి, వాటిని శ్రేణుల ప్రక్కన పెట్టి బ్లాకు విద్యాధికారికి అందజేస్తారు. దరఖాస్తు ముసాయిదాను మేము వ్రాసి ఇచ్చాము. ఇతర శాఖల వారికి కావలెనన్న పంపగలము. ఆ సోదరి యాజమాన్య కమిటీకి పేరు ఇస్తానన్నది. జూన్‌లో బడి తెరచేనాటికి బిడ్డను అక్కడే ఉంచుతుందో లేదో మాత్రం చెప్పలేదు. వాళ్ళాయనతో మాట్లాడవలెనన్నది.