బాలింత పొట్ట ఎవరికీ పట్టదా?

రెండో కానుపయిన ఏడాదికి ఒక రాత్రి మంచం మీంచి లేవబోతూ పొట్ట మీద చెయ్యి వేసుకుని ఉలిక్కిపడ్డాను. తల ఎత్తగానే బొడ్డు పైన, నడిమధ్యన, జానెడు పొడవున ఒక మిట్ట లేచింది. పెంకుటింటి నడికొప్పులా ఉంది. తల వాల్చితే మాయమైంది. అక్కడ వేళ్లు ఆనించి నొక్కితే మూడు వేళ్లు పక్కపక్కనే మెత్తగా లోపలికి దిగిపోయాయి.

మర్నాడు డాక్టరు దగ్గరికి వెళ్లాను. బల్ల మీద పడుకోబెట్టి చూడలేదు. "కానుపయ్యాక ఆడవాళ్లకి పొట్ట రాదా అమ్మా? అన్నం తగ్గించి నడువు" అని గ్యాస్ మాత్రలు రాసిచ్చారు. ఆ మాత్రలు మింగుతూ రెండేళ్లు గడిపాను. ఈలోగా బొడ్డు దగ్గర నిమ్మకాయంత బుడిపె బయటికొచ్చింది. అప్పుడు గానీ దానికి హెర్నియా అని పేరు రాలేదు. అది ఏ ఆస్పత్రో, ఆ డాక్టరెవరో ఇక్కడ చెప్పను. పేరు చెబితే అది ఒక్కరి తప్పయి కూర్చుంటుంది. మా కనిగిరిలో నేను మాట్లాడిన ప్రతి నలుగురు తల్లుల్లో ఒకరైనా ఇదే కథ చెప్పారు.

విషయం ఇది. రొమ్మెముక కింది నుంచి పొత్తికడుపు దాకా రెండు నిలువు కండలుంటాయి, తలుపు రెక్కల్లాగా. ఆ రెంటినీ నడుమ ఒక తెల్లటి నారపట్టీ కలిపి పడుతుంది. బిడ్డ పెరిగేకొద్దీ ఆ పట్టీ సాగి పలచబడుతుంది, రెక్కలు దూరం జరుగుతాయి. ఇందులో రోగమేమీ లేదు. పోర్చుగల్‌లో తొలిచూలు ఆడవాళ్లను పరీక్షిస్తే 35వ వారానికి నూటికి నూరుమందికీ ఆ ఎడం వచ్చే ఉంది. కానుపయ్యాక కొందరికి అది దగ్గరవుతుంది. మిగిలినవాళ్ల సంగతే నేను అడుగుతున్నది.

నార్వే పరిశోధకులు 300 మంది తొలికానుపు తల్లులను ఏడాది పాటు వెంబడించి 2016లో లెక్క ప్రచురించారు. కానుపయిన ఆరు వారాలకు నూటికి 60 మందికి ఎడం ఉంది. ఆరు నెలలకు 45 మందికి. ఏడాది తిరిగినా 33 మందికి. ముగ్గురిలో ఒకరికి తలుపు మూసుకోలేదు. ఆ అధ్యయనంలోనే ఇంకో మాట ఉంది. వారానికి 20 సార్లు, అంతకు మించి బరువులెత్తే తల్లులకు ఆ ఎడం మిగిలిపోయే అవకాశం దాదాపు రెట్టింపు.

వారానికి 20 సార్లు! మా కనిగిరి ప్రాంతపు ఆడమనిషి పొద్దెక్కేలోపే అన్నిసార్లు వంగి లేస్తుంది. ఇక్కడి భూగర్భ జలం ఫ్లోరైడు నీళ్లు. పళ్లకు గారలు పట్టించి ఎముకలను వంచేసిన నీళ్లు. అందుకని తాగే నీళ్లు క్యానుల్లో రావాలి. ఒక్కో క్యాను 20 లీటర్లు, అంటే 20 కిలోలు. ఇంట్లో మోటారుసైకిలున్న మగవాడు కూలికి వెళ్తే ఆ క్యానును చంకనెత్తుకునేది ఎవరు? వాడకం నీళ్ల బిందెలు, గేదె ముందు గడ్డిమోపు, పత్తి తీసిన గోతం, వీటిని ఎవరు లెక్కపెట్టారు? నార్వే తల్లికి నెలల తరబడి జీతంతో సెలవుంటుంది. మన దేశంలోనూ 2017 నుంచి 26 వారాల ప్రసూతి సెలవు చట్టం ఉంది. కానీ ఆ చట్టం జీతం పుస్తకంలో పేరున్నవాళ్లది. మిరపకోతకు పోయే తల్లికి మాతృవందన పథకం కింద మొదటి బిడ్డకు 5 వేల రూపాయలు. అవి ఎన్ని రోజుల కూలికి సరిపోతాయో ఏ కూలీని అడిగినా వేళ్ల మీద చెబుతుంది.

సంక్రాంతి దాటితే కోతల ముఠాలు ఆటోల్లో, లారీల్లో గుంటూరు వైపు దిగుతాయి. ఆ గుంపుల్లో చంటిబిడ్డల తల్లులను నేను చూశాను. చేను గట్టున వేపకొమ్మకు చీర ఉయ్యాల, అందులో మూడు నెలల పసిగుడ్డు. తల్లి సాళ్లలో నడుము వంచి పొద్దుగూకేదాకా కోస్తుంది. సాయంత్రం కల్లంలో కాయలు తిరగేసేటప్పుడు ఘాటు లేస్తుంది. ఆ ఘాటుకు దగ్గు తెర. దగ్గినప్పుడల్లా ఆమె కుడిచెయ్యి తనంతట తాను బొడ్డు మీదికి వెళ్లి అదిమి పడుతుంది. ఎవరూ నేర్పలేదు. లోపలిది బయటికి తోసుకొస్తుందని ఆ చేతికి తెలుసు. "పట్టుకోకపోతే పేగు జారుద్ది గదక్కా" అంది ఒకామె నాతో, రేపు వాన పడుద్ది అన్నంత మామూలుగా.

దగ్గు, బరువు, మలబద్ధకం, వరసగా కానుపులు. పొట్టగోడ మీద ఒత్తిడి పెంచేవి ఇవని ప్రతి సర్జరీ పుస్తకంలో ఉంటుంది. ఆ నాలుగూ ఒకే మనిషి ఒంటి మీద, ఒకే ఏడాదిలో, ఒకే చేలో కలుస్తున్నాయి. అక్కడికి ఏ పరిశోధకుడూ టేపు పట్టుకుని రాలేదు.

పొట్టగోడ మీద పరిశోధన జరగడం లేదా అంటే, బోలెడు జరుగుతోంది. 2000లో నెదర్లాండ్స్ సర్జన్లు పాత ఆపరేషన్ కోత దగ్గర వచ్చే హెర్నియాకు ఉత్త కుట్లు మంచివా, మెష్ అనే వలగుడ్డ మంచిదా అని పోల్చారు. మూడేళ్లలో కుట్లు వేసినవాళ్లలో 43 శాతం మందికి, మెష్ పెట్టినవాళ్లలో 24 శాతం మందికి హెర్నియా తిరగబెట్టింది. అదే రోగులను పదేళ్ల లెక్కకు తెస్తే కుట్లకు 63, మెష్‌కు 32. 2015లో అదే దేశంలో పొట్ట మధ్య కోతను మూసేటప్పుడు కుట్టుకూ కుట్టుకూ మధ్య దూరం సెంటీమీటరు కాకుండా అయిదు మిల్లీమీటర్లు ఉంచి చూశారు. ఏడాదికి హెర్నియాలు 21 శాతం నుంచి 13కి దిగాయి. 2018లో చిన్న బొడ్డు హెర్నియాలకు సైతం మెష్ పెడితే తిరగబెట్టడం 12 నుంచి 4 శాతానికి తగ్గుతుందని తేల్చారు. అయిదు మిల్లీమీటర్ల విలువ తెలిసిన శాస్త్రం ఇది. దాని మీద నాకు గౌరవం ఉంది. ఆ గౌరవం ఉండబట్టే ఇంత కోపం.

ఎందుకంటే 2015లోనే ఆస్ట్రియా సర్జన్లు ఇంకో సంగతి బయటపెట్టారు. చిన్న బొడ్డు హెర్నియాలకు కుట్లు వేసి పంపినవాళ్లలో, నిలువు కండలు దూరం జరిగి ఉన్నవాళ్లకు 31 శాతం మేర తిరగబెట్టింది. ఎడం లేనివాళ్లకు 8 శాతం. చుట్టూ గోడ పలచబడి ఉంటే, చిల్లు ఒక్కటీ కుట్టి ఇంటికి పంపడం పాతగోనెకు కొత్త దారం వేసినట్టే. కుట్టు పక్కనే చిరుగుతుంది. ఇది తెలిసిన తర్వాత కూడా కత్తి పట్టేముందు "తల పైకెత్తమ్మా" అని అడిగి గోడ చూడనివాళ్లను ఏమనాలి? ఆ ఎడాన్ని సరిచేసే ఆపరేషనేమో నగరాల్లో టమ్మీ టక్ ప్రకటనల పక్కన అందం లెక్కలోకి పోయింది. బిందె ఎత్తలేకపోవడం అందం సంగతా? దగ్గితే పేగు చేతికి తగలడం అందం సంగతా?

మన రాష్ట్రంలో ఆడదాని పొట్ట మీద కత్తి పెట్టడానికి మాత్రం ఎవరూ వెనుకాడరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో కానుపుల్లో 42 శాతం సిజేరియన్లు, ప్రైవేటు ఆస్పత్రుల్లో 63 శాతం. పెళ్లయిన ఆడవాళ్లలో పిల్లల ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు నూటికి దాదాపు 70 మంది. చేయించుకున్న మగవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు, అరశాతం లోపే. సిజేరియన్ అడ్డకోత వల్లే హెర్నియాలు కుప్పలుతెప్పలుగా వస్తాయని నేను అనడం లేదు. డెన్మార్క్‌లో సిజేరియన్ అయిన పదేళ్లలో కోత దగ్గర హెర్నియా ఆపరేషన్ అవసరమైనవాళ్లు వెయ్యికి ఇద్దరే. వాళ్లు రిజిస్టరు రాసుకున్నారు కాబట్టి ఆ ఇద్దరిని చూపించగలిగారు. ఇన్ని లక్షల కోతలు కోసిన మనవాళ్లు, మూడేళ్ల తర్వాత ఆ పొట్టలు ఎలా ఉన్నాయో ఒక్క జిల్లాకైనా చూపించాలి.

ఇళ్లల్లో వైద్యం మనకు లేక కాదు. మా అమ్మ నాకు కాయం తినిపించి, పాత నూలుచీర మడతపెట్టి నడికట్టు బిగించింది. ఆ గుడ్డ ఊతమిస్తుంది, లేచి కూర్చోవడానికి ధైర్యమిస్తుంది. దాంతో విడిపోయిన కండలు కలుస్తాయన్న రుజువు మాత్రం లేదు. వ్యాయామం మాటా అంతే. నార్వేలోనే 175 మంది తల్లులకు నెలల తరబడి వ్యాయామాలు చేయిస్తే, చేయనివాళ్లతో పోల్చినప్పుడు ఎడంలో తేడా కనిపించలేదు. ఈ మాట రాస్తుంటే నాకే బాధగా ఉంది, ఎంతోమంది చెల్లెళ్లు ఫోనులో వీడియోలు చూసి ఆశగా చేస్తున్నారు కనక. కండ బలపడటానికి చెయ్యండి, మంచిదే. బెల్టులమ్మేవాళ్ల మాట మాత్రం నమ్మకండి. సులువైన మందు లేదని తేలిన చోటే గదా పరిశోధన మొదలవ్వాల్సింది?

బీదవాళ్ల కోసం పరిశోధన సాధ్యం కాదనే వాళ్లకు ఒక సంగతి గుర్తుచేస్తాను. మహారాష్ట్రలో దొండాయిచా అనే చిన్న ఊళ్లో డాక్టర్ రవీంద్రనాథ్ తొంగావ్‌కర్ ఖరీదైన మెష్ కొనలేని రోగులకు దోమతెర గుడ్డను శుద్ధి చేసి వాడారు. 2003లో తోటి పల్లెటూరి సర్జన్లతో కలిసి ఫలితాలు ప్రచురించారు. తర్వాత ఉగాండాలో 302 మంది మీద పద్ధతి ప్రకారం ట్రయల్ జరిగింది, 2016లో ప్రపంచంలో పేరున్న వైద్య పత్రికలో వచ్చింది. ఏడాదికి దోమతెర గుడ్డ పెట్టినవాళ్లలో తిరగబెట్టింది ఒక్కరికి. నూరు డాలర్లు దాటే మెష్ చేసే పని డాలరు లోపు గుడ్డ చేసింది. గొప్ప పని. ఆ 302 మందీ మగవాళ్లు. అన్నీ గజ్జల హెర్నియాలు. పల్లెటూరి తల్లి బొడ్డు దాకా ఆ బుద్ధి, ఆ శ్రద్ధ ఇంకా రాలేదు.

అసలు క్లినికల్ పరిశోధన ఈ నేల ఆడవాళ్ల దగ్గరికి రానేలేదా? వచ్చింది. 2009లో ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాకు వచ్చింది, వేలమంది ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేసింది. టీకా పడ్డాక కొందరు పిల్లలు చనిపోయారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ చెప్పింది, ఒప్పుకుంటాను. కానీ తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సమ్మతి పత్రాల మీద సంతకాలు పెట్టిన సిగ్గుమాలిన పనిని 2013లో పార్లమెంటరీ సంఘమే ఎత్తిచూపింది. 2011లో క్లినికల్ పరిశోధన పిడుగురాళ్లకూ వచ్చింది. బీద ఆడవాళ్లను హైదరాబాద్ తీసుకెళ్లి డబ్బిచ్చి మందులు పరీక్షించారు. వాళ్లు జబ్బుపడ్డాక గానీ లోకానికి తెలియలేదు. మందుల కంపెనీకి ఒళ్లు కావలసినప్పుడు పిడుగురాళ్ల దారి దొరుకుతుంది. ఆ ఒంటికే జబ్బు చేసినప్పుడు కనిగిరి దారి ఎవరికీ తెలియదు.

నేనడిగేది పెద్ద యంత్రాలు కాదు. గుంటూరు మెడికల్ కాలేజీ 1946 నుంచి ఉంది, ఒంగోలులోనూ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. సర్జరీ పీజీ చేసే ప్రతి విద్యార్థీ థీసిస్ రాసి తీరాలి. ఒక్క ఏడు, ఒక్క బ్యాచ్, మిరపకోతల తల్లుల పొట్టలు కొలవండి. కానుపయిన ఆరు వారాలకు ఒకసారి, ఏడాదికి ఒకసారి. ఏ బరువెత్తిందో, ఎన్నాళ్లకు పనికి దిగిందో రాయండి. ఆరోగ్యశ్రీ మొదలయింది 2007లో. ఆ పథకం కింద బొడ్డు హెర్నియా ఆపరేషన్లకు కట్టిన డబ్బు లెక్క ప్రభుత్వం దగ్గర ఉంటుంది గదా, అదే మనిషి మళ్లీ అదే హెర్నియాతో ఎన్నేళ్లకు తిరిగొచ్చిందో ఆ లెక్క కూడా తీసి బయటపెట్టండి.

ఇంకొకటి రేపే మొదలుపెట్టవచ్చు. ఆస్పత్రిలో కానుపయితే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికొస్తుంది. ఆ 42వ రోజుకే బిడ్డకు ఆరు వారాల టీకా పడాలి. తల్లి ఎటూ బిడ్డనెత్తుకుని వస్తుంది. బిడ్డ బరువు చూస్తారు, తొడకు సూది వేస్తారు, కార్డులో రాస్తారు. తల్లి పొట్టకు నేను చూసిన ఏ కార్డులోనూ గడి లేదు.

పోయిన నెల మా వీధి పిల్లకు తోడుగా నేనూ ఆ టీకాల గదికి వెళ్లాను. పరుపు వేసిన బల్ల ఒకటి గోడవారన ఖాళీగా ఉంది. బిడ్డ ఏడుపు ఆగాక ఆ అమ్మాయిని దాని మీద పడుకోబెట్టి తల ఎత్తమన్నాను. బొడ్డు పైన మిట్ట లేచింది. నా మూడు వేళ్లు దిగాయి. నర్సమ్మ వచ్చి తనూ చెయ్యి వేసి చూసింది. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత బయట వరసలో కూర్చున్న తల్లుల వైపు చూసి, "ఇంకెవరన్నా చూపించుకుంటారా అమ్మా?" అని అడిగింది. ఏడుగురు లేచారు.