బండి బాగోగులు: నీలం సెన్సరు సంగతి

చెన్నై నుండి ఒక సోదరి ఉత్తరం రాశారు. వారి మావగారు 1991లో సింగపూరు నుండి తెచ్చుకున్న బండి, 1988 నాటి బి.ఎం.డబ్ల్యు. 320ఐ. పొద్దున బాగానే అందుకుంటుందట. మార్కెట్టు దాకా వెళ్లి ఆపితే మాత్రం మళ్లీ స్టార్టు కాదు. పెట్రోలు వాసన, నల్లపొగ. వేడి ముల్లు మధ్యలోనే నిలుస్తోంది గనుక ఆ సమస్య కాదని షెడ్డువాళ్ల తీర్పు. ప్లగ్గులు రెండుసార్లు మారాయి, ఇప్పుడు కంప్యూటరు మార్చాలట. అంత ఖర్చు పెట్టేకన్నా అమ్మేద్దామని భర్త, ప్రాణం పోయినా అమ్మనని మావగారు!

అమ్మా, బండి అమ్మకండి, కంప్యూటరూ కొనకండి. ముందు వంద రూపాయల పని ఒకటుంది.

ఆ ఇంజనులో నీటి వేడి చూసే సెన్సర్లు రెండు. గోధుమరంగుది డాష్‌బోర్డు ముల్లుకు చెబుతుంది. నీలంరంగుది కంప్యూటరుకు చెబుతుంది. ఒకటి చెప్పేది రెండోదానికి తెలియదు. కాబట్టి ముల్లు సరిగ్గా ఉన్నంత మాత్రాన నీలందానికి మంచి సర్టిఫికెట్టు ఇవ్వరాదు.

అంబాసిడరు, పద్మిని నడిపిన పెద్దలకు చోక్ గుర్తుండే ఉంటుంది. చల్లటి ఇంజనుకు పెట్రోలు ఎక్కువ కావాలి, అందుకని లాగేవాళ్లం. వేడెక్కాక లోపలికి నెట్టేవాళ్లం. ఈ బండిలో ఆ పని కంప్యూటరుది, అదీ నీలం సెన్సరు మాట నమ్మి. సెన్సరు పాడైనా, దాని ప్లగ్గులో చిలుము పట్టినా, ఇంజను ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోలు పోస్తూనే ఉంటుంది. చోక్ లాగి మరచిపోయినట్టే. ఆ అదనపు పెట్రోలు సిలిండరు గోడల మీది నూనెను కడిగేస్తుంది. కనుక ఇది మైలేజీ గొడవ మాత్రమే కాదు, ఇంజను ఆయుష్షు సంగతి కూడా.

పరీక్షకు మామూలు మల్టీమీటరు చాలు. తాళం తీసేసి, సెన్సరు ప్లగ్గు ఊడదీసి, రెండు కాళ్ల మధ్య చూడండి. వేడి పెరిగేకొద్దీ ఓములు తగ్గాలి. 20 డిగ్రీల దగ్గర సుమారు 2,500, చెన్నై ఉదయంలా 30 డిగ్రీలయితే 1,700, ఇంజను 80 డిగ్రీలకు చేరాక 320 ప్రాంతం. వేడిలో కూడా వేలల్లోనే చూపిస్తే దొంగ దొరికినట్టే. అంకెలు సరిగ్గా ఉంటే సెన్సరును వదిలేసి, కంప్యూటరు దాకా వెళ్లే వైరు చూపించండి. గోధుమరంగు సెన్సరు లెక్క వేరు, ఈ అంకెలతో దాన్ని కొలవకండి.

కొత్తది బాష్ కంపెనీది, నంబరు చూసి తెప్పించుకోవడం మేలు. పుదుపేటలో పాతది దొరికితే బిగించే ముందే పాతగిన్నెలో నీళ్లు కాచి, కొసమాత్రం ముంచి అవే అంకెలు చూడండి. కొందరు సెన్సరు తీసేసి వైర్ల మధ్య ఒక రెసిస్టరు అతికిస్తారు. అప్పటికి పొగ తగ్గుతుంది గానీ, మర్నాడు పొద్దున బండి కదలదు. అలాంటి తెలివికి ఒప్పుకోకండి.

మార్చేది మాత్రం ఇంజను పూర్తిగా చల్లారాకే. వేడి రేడియేటరు మూత తిప్పితే ముఖం మీదికి ఆవిరి కొడుతుంది, పిల్లల్ని దరిదాపులకు రానీయకండి. కూలెంటు కొంత కిందికి దించి, పాతది విప్పి, కొత్త వాషరుతో బిగించాలి. అది బిగుసుకునే చోటు అల్యూమినియం, బలం చూపిస్తే మర చెడిపోతుంది.

ఆ తరువాతి పనినే చాలామంది ఎగ్గొడతారు. ఈ ఇంజనులో గాలి తేలిగ్గా చిక్కుకుంటుంది. హీటరు నాబు పూర్తి వేడికి తిప్పి, థర్మోస్టాటు గూటి మీది చిన్న స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగి నీరు ధారగా వచ్చేదాకా నెమ్మదిగా కూలెంటు పోయించండి. ఈ పని అయ్యేదాకా మావగారిని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చోమనండి, షెడ్డువాళ్లు తొందరపడరు.