దీపం సరే, ఆట ఏదీ?

ఇన్‌స్టాలోనో, షాపింగ్ యాప్‌లోనో తోలు లాంప్‌షేడ్లు చూసే ఉంటారు. ఎర్రటి అంచు, మధ్యలో నెమలో హనుమంతుడో. లోపల బల్బు వెలిగిస్తే గదంతా పండగే. అలాంటివి తయారయ్యే ఊరు మన ధర్మవరం మండలంలోనే ఉంది. పేరు నిమ్మలకుంట.

ఆ ఊరి కళాకారుల అసలు విద్య మాత్రం తోలుబొమ్మలాట. మేకతోలును వెలుగు దూరేంత పల్చగా చేసి, ఉలితో సన్నని చిల్లులు కొట్టి, రంగులద్దుతారు. తెర వెనక దీపం పెడితే ఆ చిల్లులే నగల్లా మెరుస్తాయి. ఒకప్పుడు రాత్రి మొదలైతే తెల్లారేదాకా రామాయణమో, భారతమో. కునుకు తీసేవాళ్లను నవ్వించి లేపడానికి మధ్యమధ్యలో కేతిగాడు, బంగారక్క. కరువు సీమ కదా, విరాటపర్వం ఆడిస్తే వాన పడుతుందనే నమ్మకమూ ఉండేది.

తర్వాత సినిమా వచ్చింది, టీవీ వచ్చింది, ఇప్పుడు ఫోను. ఆటకు పిలుపులు తగ్గాయి. పూట గడవాలి కాబట్టి లాంప్‌షేడ్లు, గోడకు తగిలించే బొమ్మలు మొదలయ్యాయి. ఇందులో తప్పేం లేదు. వాటివల్లే ఉలి పట్టే చేతులు మిగిలాయి. ఈ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ కూడా వచ్చింది.

కానీ ఒక తేడా ఉంది. లాంప్‌షేడ్ ఒక్కరే కూర్చుని చేసేయొచ్చు. ఆటకు జట్టు కావాలి. హార్మోనియం ఒకరు, మద్దెల ఒకరు, తాళం ఒకరు. బొమ్మను ఆడించేవాళ్లే పాడాలి, మాట్లాడాలి. ఆడపాత్రలకు ఇంటి ఆడవాళ్లే గొంతిస్తారు. ఇదంతా పెద్దవాళ్ల పక్కన తెర వెనక నిలబడితేనే వస్తుంది. ఆటే లేకపోతే పిల్లలు ఎక్కడ నిలబడి నేర్చుకోవాలి? లాంప్‌షేడ్ మీది హనుమంతుడికి చేతులు కదలక్కర్లేదు, గొంతు అక్కర్లేదు. చెక్కడం వచ్చి, పాడటం రాని తరం వస్తే సగం విద్య పోయినట్టే.

అందుకే దీపం కొనండి. వీలైతే చేసినవాళ్ల దగ్గరే, బేరమాడకుండా కొనండి. దాంతో ఆగకండి. కాలేజీ ఫెస్ట్‌కి డీజే బడ్జెట్ రాసేటప్పుడు కింద ఇంకో లైను రాయండి: తోలుబొమ్మలాట, ఒక గంట. వినాయక చవితి పందిట్లోనూ అంతే. రాత్రంతా కూర్చోనక్కర్లేదు, లంకాదహనం ఒక్కటి చాలు. రీల్ తీసుకోండి, ఎవరొద్దన్నారు? పిలుపు వస్తే జట్టు కడతారు. జట్టు కడితే, ఆ ఇంటి కుర్రాడూ తెర వెనక నిలబడతాడు.