పేషెంట్ మాట కూడా సిలబస్సే

మెడిసిన్ చదివే ఫ్రెండ్స్ ఉన్నవాళ్లకి ఆంకీ పేరు తెలిసే ఉంటుంది. 2006లో వచ్చిన ఫ్లాష్‌కార్డుల యాప్, ఓపెన్ సోర్స్. తేలిగ్గా చెప్పేసిన కార్డు చాలా రోజులకి గానీ మళ్లీ రాదు, మర్చిపోయిన కార్డు వెంటనే వచ్చేస్తుంది. ఆ గ్యాప్‌ని లెక్కకట్టే అల్గారిదమ్ అంటే సీఎస్ స్టూడెంట్‌గా నాకు భలే ఇష్టం.

కానీ ఎంబీబీఎస్ చదువుతున్న మా పెద్దమ్మ కూతురి కార్డుల్లో ఒక్క తెలుగు ముక్క లేదు. "డిస్‌ప్నియా" అంటే అక్క టక్కున చెప్పేస్తుంది. ఓపీకొచ్చే పెద్దాయన అలా అనడు కదా! "మెట్లెక్కితే ఆయాసం" అంటాడు. "పడుకుంటే ఊపిరాడట్లేదమ్మా, లేచి కూర్చుంటే నయం" అన్నాడంటే గుండె గురించి ఆలోచించాలి. "గ్యాస్ పట్టేసింది" అన్నది ఒక్కోసారి హార్ట్ ఎటాకే కావచ్చు. ఇక్కడ పొరపాటు పడితే పోయేది మార్కులు కాదు.

హ్యాకథాన్ అనగానే కొత్త హెల్త్ యాప్ మొదలెడతాం. నన్నడిగితే అది అక్కర్లేదు. ఆంకీలోనే తెలుగు కార్డులు చేద్దాం. ముందువైపు పేషెంట్ మాట, వీలైతే ఆడియోతో. వెనకవైపు డాక్టర్ తర్వాత అడగాల్సిన ప్రశ్నలు. మాటలు మన అమ్మమ్మలు, తాతయ్యలు చెప్తారు. మెడికోలు రాస్తారు, వాళ్ల ప్రొఫెసర్లు సరిచూస్తారు. అన్నీ కలిపి ఉచితంగా పంచే పని మనది.

తెలంగాణలో "దమ్మొస్తుంది" అంటే ఆయాసమే. మరి మీ ఊళ్లో ఏమంటారు?